రూపాయి పడిపోతున్నప్పుడు ఫ్రీలాన్సర్ ఏం చేయాలి: కర్నూలు, అనంతపురం, కడపల్లో ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు లెక్కలతో సహా

2025 డిసెంబరులో డాలరు మొదటిసారి 90 రూపాయలు దాటింది. 2013 ఆగస్టులో 68 దాటినప్పుడు దేశమంతా గగ్గోలు పెట్టిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. రేటును ప్రభుత్వం నిర్ణయించే కాలం 1993లోనే పోయింది. అప్పటి నుంచి అది మార్కెట్ చేతిలో ఉంది. రిజర్వు బ్యాంకు తన దగ్గరున్న డాలర్లు అమ్మి పతనం జోరు తగ్గిస్తుందే గానీ ఫలానా అంకె దగ్గర ఆపుతానని మాట ఇవ్వదు. మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తుంది, దానికి డాలర్లు కావాలి. బంగారానికీ కావాలి. పైగా విదేశీ మదుపరులు మన షేర్లు అమ్ముకుని వెళ్లినా, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినట్టు ఇంకేదైనా జరిగినా డాలరుకు గిరాకీ పెరిగి రూపాయి దిగుతుంది.

ఆదోనిలో కూర్చుని అమెరికా కంపెనీకి వెబ్‌సైట్ కట్టే కుర్రాడికి ఇది లాభంలా కనిపిస్తుంది. బెంగళూరు ఏజెన్సీకి రూపాయల్లో బిల్లు వేసే అనంతపురం వీడియో ఎడిటర్‌కు ఇది నేరుగా నష్టం: ఆమె సాఫ్ట్‌వేర్ చందా పెరిగింది, బిల్లు మాత్రం పెరగలేదు. డాలర్లలో సంపాదించేవాళ్లలోనూ చాలామందికి ఆ లాభం చేతికి రావడం లేదు. మధ్యలో ఎక్కడ కారిపోతోందో చూసుకోకపోతే రూపాయి 95కు పోయినా పరిస్థితి మారదు. అందుకే మొదటి అడుగు ఇదే.

1. మీ సొంత రేటు కనుక్కోండి

గూగుల్‌లో కనిపించే రేటు బ్యాంకులు తమలో తాము కోట్లలో మార్చుకునే రేటు. మీకు ఇచ్చేది వేరు. ప్రొద్దుటూరు బంగారు అంగడిలో బోర్డు మీద ఒక ధర ఉంటుంది, మన నగ అమ్మబోతే చేతికొచ్చేది ఇంకో ధర, ఇదీ అంతే. బ్యాంకు భాషలో దాని పేరు టీటీ బయింగ్ రేటు.

లెక్క సులువు. మీ ఖాతాలో పడిన రూపాయలను క్లయింటు చెల్లించిన డాలర్లతో భాగించండి. వచ్చిన అంకే మీ రేటు. గత ఆరు నెలల్లో వచ్చిన ప్రతి చెల్లింపుకూ ఈ లెక్క వేసి, పక్కన ఆ రోజు ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ ప్రకటించిన రిఫరెన్స్ రేటు రాసుకోండి. అది ప్రతి పనిదినం మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో వస్తుంది. 2018 జూలై వరకు రిజర్వు బ్యాంకు ఇచ్చిన రేటును ఇప్పుడు ఆ సంస్థ ఇస్తోంది. రెండు అంకెల మధ్య తేడా 1 శాతం దగ్గర ఉంటే మంచి దారిలో ఉన్నట్టు. 3 శాతం దాటితే దారి మార్చడానికి కారణం ఉంది. 6, 7 శాతం ఉంటే ఏడాదిలో మూడు వారాలకు పైగా సంపాదన దారిలోనే పోతోందన్నమాట.

ఒక ఉదాహరణ చూద్దాం. మార్కెట్ రేటు 90 అనుకుందాం, క్లయింటు 1,000 డాలర్లు చెల్లించాడు.

నేరుగా బ్యాంకుకు స్విఫ్ట్‌లో, అంటే దేశాల మధ్య బ్యాంకుల చెల్లింపు సందేశాలు నడిపే వ్యవస్థ ద్వారా పంపితే: మధ్యలో ఉన్న విదేశీ బ్యాంకు 20 డాలర్లు కోసింది, 980 మిగిలాయి. మీ బ్యాంకు 90కి బదులు 89.10 ఇచ్చింది. 87,318 రూపాయలు. మార్పిడి మీద జీఎస్టీ 157, బ్యాంకు చార్జీ జీఎస్టీతో కలిపి 236 అనుకోండి. చేతికి 86,925. మీ రేటు 86.93.

4.4 శాతం ఫీజు, మార్పిడిలో మరో 3 శాతం తీసుకునే ఆన్‌లైన్ వాలెట్‌లో వస్తే: 1,000లో 44 పోయి 956. వాటికి 87.30 చొప్పున 83,459 రూపాయలు. మీ రేటు 83.46.

ఈ రెండో అంకెను కాస్త ఆగి చూడండి. డాలరు 83 దగ్గర ఉన్న 2024 మొదట్లో మార్కెట్ రేటు ఎంతో, రేటు 90 ఉన్నప్పుడు ఈ దారిలో మీకు అందేది దాదాపు అంతే. రూపాయి పతనంతో వచ్చిందంతా ఫీజు కిందే పోయింది.

అలాగని అందరూ స్విఫ్ట్‌కు మారాలని కాదు. అదే 200 డాలర్ల బిల్లయితే 20 డాలర్ల కోత, 236 రూపాయల చార్జీ మారవు కాబట్టి స్విఫ్ట్‌లో చేతికొచ్చేది 15,757, అంటే డాలరుకు 78.79 మాత్రమే. వాలెట్‌లో 83.46 అలాగే ఉంటుంది. పైన వేసుకున్న అంకెల ప్రకారం 370 డాలర్ల దగ్గర రెండూ సమానమవుతాయి. అంతకు తక్కువైతే శాతం తీసుకునే దారి మేలు, ఎక్కువైతే స్విఫ్ట్. మీ బ్యాంకు చార్జీలు వేసి మీ గీత ఎక్కడుందో ఒక్కసారి లెక్క కట్టుకోండి. వారం వారం 150 డాలర్లు పంపే క్లయింటును నెలకొకసారి స్విఫ్ట్‌లో 600 పంపమని అడిగితే చాలు, పైసా రేటు పెంచకుండానే మీ ఆదాయం పెరుగుతుంది.

జీఎస్టీ 157 ఎక్కడిదంటే: మార్చిన మొత్తం లక్ష లోపుంటే అందులో 1 శాతాన్ని సేవ విలువగా లెక్కగట్టి దాని మీద 18 శాతం వేస్తారు. ఆ విలువ కనీసం 250 రూపాయలు, అంటే పన్ను 45కి తగ్గదు. లక్ష నుంచి 10 లక్షల వరకు ఆ సేవ విలువ 1,000 రూపాయలు, దానికి తోడు లక్ష పైబడిన దానిలో అర శాతం. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఇంతకంటే ఎక్కువ కనిపిస్తే అడగండి.

ఆన్‌లైన్‌లో పనులు ఇప్పించే వేదికల ద్వారా పనిచేసేవాళ్లు వాటి కమీషన్‌ను కూడా కలపాలి. ఫైవర్ 20 శాతం తీసుకుంటుంది. అప్‌వర్క్ 2025 మే నుంచి కొత్త ఒప్పందాలకు పనిని బట్టి 0 నుంచి 15 శాతం వరకు తీసుకుంటోంది. జీఎస్టీ నంబరు లేనివాళ్ల దగ్గర ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ కూడా పట్టుకుంటారు. వేదిక వేరు, డబ్బు బయటికి తీసే దారి వేరు. ఒకే వేదికలో నేరుగా బ్యాంకుకు, మధ్యవర్తి వాలెట్‌కు అని రెండు మూడు దారులు ఉంటాయి. ఖాతా తెరిచిన రోజు ఏది నొక్కితే అదే ఏళ్ల తరబడి నడుస్తుంది. సెట్టింగులు తెరిచి మళ్లీ చూడండి.

2. డబ్బు వచ్చే దారి సరిచేసుకోవడం

మన జిల్లాల్లో మొదటి చిక్కు బ్యాంకు బ్రాంచి దగ్గరే వస్తుంది. తాడిపత్రి, ఎమ్మిగనూరు, బద్వేలు లాంటి ఊళ్ల బ్రాంచీల్లో విదేశీ మారకం పని సాధారణంగా జరగదు. డబ్బు ముందు ఆ బ్యాంకు ఫారెక్స్ విభాగానికి వచ్చి, అక్కడి నుంచి మీ ఖాతాకు చేరుతుంది. ఈ సంగతి కౌంటర్‌లో ఉన్నవాళ్లకు తెలియకపోవచ్చు. కాబట్టి బ్రాంచిలో అడగాల్సింది ఇలా: ‘నా ఖాతాకు విదేశాల నుంచి సేవల డబ్బు వస్తుంది. ఏ స్విఫ్ట్ కోడ్ ఇవ్వాలి? డాలర్లకు మీ కరస్పాండెంట్ బ్యాంకు (మధ్యలో ఉండే విదేశీ బ్యాంకు) ఏది? పర్పస్ కోడ్ ఎవరికి, ఏ ఈమెయిల్‌కు పంపాలి? ఎఫ్‌ఐఆర్‌ఏ ఎలా ఇస్తారు?’ నాలుగింటికీ రాతపూర్వకంగా జవాబు రాబట్టండి. పర్పస్ కోడ్, ఎఫ్‌ఐఆర్‌ఏ అంటే ఏమిటో కిందే ఉంది.

ఎక్కువగా తప్పులు జరిగేవి ఇవి. స్విఫ్ట్ కోడ్ అడిగితే ఐఎఫ్‌ఎస్‌సీ ఇవ్వడం. అది దేశం లోపల మాత్రమే పనిచేస్తుంది. ఇన్వాయిస్ మీద వ్యాపారం పేరు, ఖాతా మీద ఇంటిపేరుతో సొంత పేరు ఉండటం. రెండూ కలవకపోతే డబ్బు ఆగుతుంది, లేదా వెనక్కి వెళ్తుంది, వెళ్లేటప్పుడు కూడా చార్జీ కోసుకునే వెళ్తుంది. పొదుపు ఖాతాలో నెల నెలా విదేశీ వ్యాపార చెల్లింపులు రావడం కొన్ని బ్యాంకులకు కిట్టదు. క్రమం తప్పకుండా డబ్బు వచ్చేవాళ్లు కరెంట్ ఖాతా తెరవడమే నయం.

చార్జీ ఎవరు భరించాలన్నది పంపేవాడు ఎంచుకునే అక్షరాల్లో ఉంటుంది. ‘ఓయూఆర్’ అంటే అంతా పంపేవాడే కడతాడు, ‘ఎస్‌హెచ్‌ఏ’ అంటే పంచుకుంటారు, ‘బీఈఎన్’ అంటే మొత్తం మీ నెత్తినే. ఒప్పందంలోనే ఓయూఆర్ అని రాయించుకుంటే పై లెక్కలోని 20 డాలర్లు మిగులుతాయి.

పర్పస్ కోడ్ అంటే ఈ డబ్బు దేనికి వచ్చిందో రిజర్వు బ్యాంకుకు చెప్పే గుర్తు. సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీ, అమలు పనికి పీ0802. వ్యాపార, మేనేజ్‌మెంట్ కన్సల్టెన్సీ, ప్రజాసంబంధాల పనికి పీ1006. ప్రకటనలు, మార్కెట్ పరిశోధనకు పీ1007. మీరేమీ చెప్పకపోతే అవతలివాళ్లు తోచింది వేస్తారు. కడప వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు, అక్కడి నుంచి వచ్చే డబ్బు పీ1301 కింద, అంటే కుటుంబ పోషణ కింద పడుతుంది. అదే బ్రాంచిలో మీ క్లయింటు డబ్బు కూడా అలవాటు కొద్దీ పీ1301 కింద పడితే, రేపు అది ఎగుమతి సంపాదన అని చూపించుకోవడం తలనొప్పి. ప్రతి చెల్లింపుకూ ఇన్వాయిస్‌తో పాటు కోడ్ కూడా మెయిల్‌లో పంపండి.

చెల్లింపు రాగానే ఎఫ్‌ఐఆర్‌ఏ తీసుకోండి. విదేశీ డబ్బు వచ్చిందని బ్యాంకు ఇచ్చే రుజువు అది. కొన్ని బ్యాంకుల నెట్‌బ్యాంకింగ్‌లోనే దొరుకుతుంది, కొన్నిటికి రిఫరెన్స్ నంబరు, తేదీ, మొత్తం రాసి అడగాలి. ఏడాది తర్వాత ఆడిటర్ అడిగినప్పుడు వెతుక్కుంటే పాతవి తీయడానికి బ్యాంకు చార్జీ వేస్తుంది, వారాలు పడుతుంది. వాలెట్ల ద్వారా వచ్చే డబ్బుకు కూడా వాళ్ల డ్యాష్‌బోర్డులో ఇలాంటి పత్రం ఉంటుంది, నెల నెలా దింపి పెట్టుకోండి. విదేశీ చెల్లింపులు తెచ్చే ఇక్కడి సంస్థలను రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరు నుంచి పీఏ-సీబీ అనే పేరుతో నియంత్రిస్తోంది. వాటిలో ఒక్క లావాదేవీకి 25 లక్షల రూపాయల పరిమితి ఉంది. కొత్త యాప్ ఏదైనా వాడేముందు దానికి ఆ అనుమతి ఉందో లేదో చూడండి.

డబ్బు పంపానని క్లయింటు చెప్పి, అయిదు పనిదినాలైనా రాకపోతే వాదన పెట్టుకోకుండా అతని బ్యాంకు నుంచి స్విఫ్ట్ చెల్లింపు సందేశం కాపీ (పాత పేరు ఎంటీ103), ఆ చెల్లింపును గుర్తించే యూఈటీఆర్ నంబరు తెప్పించండి. 36 అక్షరాల ఆ నంబరుతో డబ్బు ఏ బ్యాంకులో ఆగిందో మీ బ్యాంకు ఫారెక్స్ విభాగం చూడగలదు.

3. ఎప్పుడు మార్చుకోవాలి

వచ్చిన వెంటనే. రేపు 92 అవుతుందేమోనని ఆపుకోవడం ఫ్రీలాన్సర్ పని కాదు. ఆపుకోవడానికి చట్టం ఇచ్చే వెసులుబాటు కూడా చిన్నదే. ఈఈఎఫ్‌సీ ఖాతా తెరిస్తే సంపాదనంతా డాలర్లలో ఉంచుకోవచ్చు గానీ వడ్డీ రాదు, ఒక నెలలో వచ్చిన డాలర్లను తర్వాతి నెల చివరి రోజులోపు ఖర్చు పెట్టుకోవాలి, లేదంటే రూపాయల్లోకి మార్చాలి. డాలర్ల ఖర్చులు ఎక్కువున్నవాళ్లకు మాత్రం ఇది నిజంగా పనికొస్తుంది: సర్వర్ల బిల్లు నెలకు 500 డాలర్లు ఉంటే, వచ్చిన డాలర్లను ఒకసారి అమ్మి, మళ్లీ కొనే రెండు కోతలూ తప్పుతాయి.

కరెన్సీ ఫ్యూచర్స్, అంటే డాలరు రేటు మీద ఎక్స్చేంజీలో చేసే ఒప్పందాల జోలికి పోవద్దు. ఒక లాట్ 1,000 డాలర్లు, కొద్ది మార్జిన్ (ముందు కట్టే డిపాజిట్) మీద నడుస్తుంది. 2024 మే నుంచి వాస్తవంగా విదేశీ మారకపు లావాదేవీ ఉన్నవాళ్లే ఆ ఒప్పందాలు చేయాలన్న నియమం కూడా గట్టిగా అమల్లోకి వచ్చింది. నెలకు 10,000 డాలర్ల పైన వచ్చేవాళ్లు తమ బ్యాంకులో ఫార్వర్డ్ (రేటు ముందే ఖాయం చేసుకునే ఒప్పందం) గురించి, సీసీఐఎల్ అనే సంస్థ 2019లో మొదలుపెట్టిన ఎఫ్ఎక్స్-రిటైల్ అనే ఆన్‌లైన్ మార్పిడి వేదిక గురించి అడగవచ్చు. రెండోదాంట్లో మార్కెట్ రేటుకు దగ్గరగా దొరుకుతుంది.

రూపాయి ఒకే దిక్కుకు పోదు. 2013లో ఆగస్టులో 68 దాటింది, అక్టోబరుకల్లా 62 దగ్గరికి తిరిగొచ్చింది. 2025 ఫిబ్రవరిలో 87 పైకి పోయి మే మొదట్లో 84 దరిదాపుల్లోకి దిగింది. అందుకే ఈఎంఐ, అద్దె, పిల్లల ఫీజు లాంటి తప్పించుకోలేని ఖర్చులను ఈ రోజు మీ రేటు కంటే 5 శాతం తక్కువ వేసుకుని లెక్కగట్టండి. మీ రేటు 87 అయితే 82.65 అనుకోండి. ఆ లెక్కలో ఇమడని కారు లోను ఇప్పుడు తీసుకోవద్దు. పైన మిగిలేదాన్ని వేరే ఖాతాలో వేయండి. క్లయింటు పోయినప్పుడు ఆరు నెలలు నడిపేది అదే.

4. డాలర్లలో పోయే ఖర్చు

కార్డు స్టేట్‌మెంట్ తెరిచి విదేశీ చందాలన్నీ రాయండి. డిజైన్ సాఫ్ట్‌వేర్ 60, ఏఐ సాధనం 20, హోస్టింగ్ 12 డాలర్లు అనుకుంటే 92. డాలరు 83 ఉన్నప్పుడు అది 7,636 రూపాయలు, 90 అయితే 8,280. పైగా కార్డు 3.5 శాతం మార్కప్, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 8,622. ఈ మార్కప్ కార్డును బట్టి మారుతుంది, సున్నా ఉన్న కార్డులూ ఉన్నాయి. చాలా కంపెనీలు ఇండియాకు రూపాయి ధర వేరే పెట్టాయి, ఖాతాలో దేశం మార్చి చూడండి. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గింపు వచ్చే వాటిని మీ చేతిలో డబ్బున్న నెలలో కట్టేయండి. ల్యాప్‌టాప్ నిజంగా మార్చాల్సి ఉంటే అంగట్లో పాత సరుకు అయిపోకముందే కొనండి, కొత్త లాట్ కొత్త రేటుతో వస్తుంది.

5. రూపాయల్లో బిల్లు వేసేవాళ్లు

ఈ మూడు ఊళ్ల నుంచి పనిచేసేవాళ్లలో చాలామంది బెంగళూరు, హైదరాబాద్ ఏజెన్సీలకే చేస్తారు. ఆ ఏజెన్సీ అమెరికా క్లయింటుకు డాలర్లలో బిల్లు వేస్తుంది, మీకు మాత్రం రెండేళ్ల కిందటి రూపాయి రేటే ఇస్తుంది. పతనం లాభమంతా మధ్యవర్తి దగ్గర ఆగిపోయింది. నూనె, పెట్రోలు, చందాల ధర మాత్రం మీ ఇంటికి వచ్చింది. ఇది అన్యాయం, అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

ఎలా అడగాలన్నదే ముఖ్యం. ‘ఖర్చులు పెరిగాయి సార్, కొంచెం చూడండి’ అంటే ఎవరూ చూడరు. ముందు ఆ పని చివరికి ఎవరికి వెళ్తోందో తెలుసుకోండి. ఫైళ్లలో తేదీలు, స్పెల్లింగు, సమావేశాల టైము చూస్తేనే విదేశీ క్లయింటని తెలిసిపోతుంది. తర్వాత పాత రేటు ఒప్పుకున్న నెలలో డాలరు ఎంతుందో, ఇప్పుడెంతుందో రాసి, తేడాలో సగం అడగండి. సగం అడగడానికి కారణం ఉంది: ఏజెన్సీకి కూడా డాలర్ల ఖర్చులుంటాయి, సగమంటే అవతలివాళ్లు కాదనడం కష్టం.

లెక్క ఇలా ఉంటుంది. నెలకు 40,000 ఒప్పుకున్నప్పుడు డాలరు 86, ఇప్పుడు 90. పెరిగింది 4.65 శాతం. అందులో సగం 2.33 శాతం, అంటే 930 రూపాయలు. చిన్న మొత్తమే. కానీ ఈ సూత్రం ఒకసారి ఒప్పందంలోకి ఎక్కితే మళ్లీ మళ్లీ అడగనక్కర్లేదు. మెయిల్‌లో ఇలా రాయవచ్చు:

‘ఈ ధర డాలరుకు 90 రూపాయలు అనుకుని వేసింది. మూడు నెలల సగటు ఎఫ్‌బీఐఎల్ రేటు దీనికి 3 శాతం కంటే ఎక్కువ పెరిగినా తగ్గినా, ఆ మార్పులో సగం తర్వాతి త్రైమాసికం నుంచి ఫీజులో కలుపుదాం లేదా తగ్గిద్దాం.’

‘తగ్గినా’ అన్న మాట తీసేయొద్దు. అది ఉంటేనే ఇది బేరంలా కాక పద్ధతిలా కనిపిస్తుంది, ఏజెన్సీ అకౌంట్స్ వాళ్లు కూడా ఒప్పుకుంటారు.

దీనికి తిరగేసిన సందర్భం కూడా వస్తుంది. ‘మీ రూపాయి పడిపోయింది కదా, డాలర్ రేటు తగ్గించండి’ అని విదేశీ క్లయింటు అడుగుతాడు. ఒప్పుకోవద్దు. మీ సాధనాల ధర డాలర్లలోనే ఉంది, పని విలువ అతని మార్కెట్లో తగ్గలేదు అని రెండు వాక్యాల్లో చెప్పండి. తగ్గించి తీరాల్సి వస్తే రేటు కాకుండా పని పరిధి తగ్గించండి. ఒకసారి దిగిన డాలర్ రేటు రూపాయి కోలుకున్నా మళ్లీ ఎక్కదు.

కొత్త విదేశీ క్లయింటుకు రూపాయల్లో కొటేషన్ ఇవ్వొద్దు. యూరప్ వాళ్లకు యూరోల్లో, బ్రిటన్ వాళ్లకు పౌండ్లలో ఇవ్వండి.

6. 20 లక్షల గీత

నెలకు 1,900 డాలర్లు సంపాదించే కర్నూలు డెవలపర్ సంగతి చూద్దాం. ఏడాదికి 22,800 డాలర్లు. డాలరు 83 దగ్గర 18,92,400 రూపాయలు. 90 దగ్గర 20,52,000. ఒక్క డాలరు కూడా ఎక్కువ సంపాదించకుండానే అతను జీఎస్టీ నమోదు తప్పనిసరయ్యే 20 లక్షల గీత దాటేశాడు. ఈ ఏడాది చాలామంది తెలియకుండానే ఇలా దాటతారు. ఇంటి అద్దె వస్తుంటే అదీ ఈ టర్నోవర్లో కలుస్తుంది. దాటిన 30 రోజుల్లోపు నమోదు చేసుకోవాలి. అందుకని 17 లక్షల దగ్గరే నెల నెలా కూడిక చూసుకోవడం మొదలుపెట్టండి.

నమోదైతే విదేశీ పని మీద 18 శాతం కట్టాలేమోనని భయపడతారు. అక్కర్లేదు. సేవల ఎగుమతి జీరో రేటెడ్, అంటే దాని మీద పన్ను సున్నా. దానికి జీఎస్టీ పోర్టల్‌లో ఆర్‌ఎఫ్‌డీ-11 అనే ఫారంలో ఎల్‌యూటీ, అంటే పన్ను కట్టకుండా ఎగుమతి చేస్తామన్న హామీ పత్రం వేయాలి. ఇద్దరు సాక్షుల పేర్లు, చిరునామాలు, వృత్తి అడుగుతుంది, ఫీజు లేదు. అది ఒక ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది, కాబట్టి మార్చి 31లోపే వచ్చే ఏడాదిది వేసుకోండి. మరిచిపోతే ముందు 18 శాతం కట్టి, తర్వాత రీఫండ్ కోసం తిరగాలి. ఎల్‌యూటీ కింద పన్ను కట్టకుండా చేస్తున్న ఎగుమతి అన్న వాక్యం, సేవ కోడ్ ఇన్వాయిస్ మీద ఉండాలి. ఐటీ డిజైన్, డెవలప్‌మెంట్ పనికి కోడ్ 998314. బిల్లు తేదీ నుంచి ఏడాదిలోపు డబ్బు రాకపోతే పన్ను, వడ్డీతో సహా మీ మీద పడుతుంది.

నమోదయ్యాక రెండు సంగతులు మారతాయి. బెంగళూరు ఏజెన్సీకి వేసే రూపాయి బిల్లు మీద 18 శాతం ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య జీఎస్టీ) వేయాలి. వాళ్లకు నమోదు ఉంటే క్రెడిట్ తీసుకుంటారు, అంటే తాము కట్టే పన్నులో తగ్గించుకుంటారు కాబట్టి బాధ లేదు. కర్నూలు పాతబస్తీలో నమోదు లేని అంగడికి చేసే లోగోకే ఆ భారం కస్టమర్ మీద పడుతుంది. ఇక విదేశీ సాఫ్ట్‌వేర్ చందాల మీద రివర్స్ చార్జ్ కింద మీరే పన్ను నగదుగా కట్టి, తర్వాత క్రెడిట్ తీసుకోవాలి. రిటర్ను ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు, లావాదేవీలేమీ లేకపోతే 20.

7. ఆదాయపు పన్ను

ఐటీ, ఇంజనీరింగ్, టెక్నికల్ కన్సల్టెన్సీ లాంటి నిర్దిష్ట వృత్తుల వాళ్లు వచ్చినదాంట్లో సగాన్ని ఆదాయంగా చూపించవచ్చు. ఇన్నాళ్లూ 44ఏడీఏ అన్నది ఇదే. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం రావడంతో సెక్షన్ నంబరు మారింది, సగం లెక్క మాత్రం అలాగే ఉంది. నగదు రూపంలో వచ్చేది 5 శాతం మించకపోతే 75 లక్షల వరకు ఇది వర్తిస్తుంది. కంటెంట్ రాసేవాళ్లు, ఆన్‌లైన్ పాఠాలు చెప్పేవాళ్లు తాము ఆ జాబితాలోకి వస్తామో లేదో ఆడిటర్‌ను అడిగే వేయాలి.

కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల వరకు పన్ను లేదు. అంటే సగం లెక్కలో 24 లక్షల రాబడి వరకు సున్నా. ఇక్కడా రూపాయి గీత దాటిస్తుంది. నెలకు 2,300 డాలర్లు వచ్చేవాళ్లకు 85 దగ్గర 23.46 లక్షలు, పన్ను లేదు. 90 దగ్గర 24.84 లక్షలు, ఆదాయం 12.42 లక్షలు. 12 లక్షల పైన ఉన్న 42,000 మొత్తం పన్నుగా పోతుంది, సెస్సుతో 43,680. రూపాయి పతనంతో 1.38 లక్షలు అదనంగా వస్తే అందులో దాదాపు మూడో వంతు పన్ను. జనవరిలోనే లెక్క చూసుకుంటే మార్చి 15లోపు అడ్వాన్స్ టాక్స్ కట్టేయవచ్చు; సగం లెక్క వాళ్లకు అదొక్కటే వాయిదా. దాటితే వడ్డీ పడుతుంది. వేదికలు 0.1 శాతం టీడీఎస్ పట్టుకుంటే అది ఆదాయపు పన్ను పోర్టల్‌లోని మీ పన్ను పత్రంలో (ఇన్నాళ్లూ 26ఏఎస్ అన్నది) కనిపిస్తుంది. పాన్ ఇవ్వకపోతే 5 శాతం పోతుంది.

8. అడ్డదారులు

రూపాయి పడినప్పుడల్లా ‘మార్కెట్ కంటే రెండు రూపాయలు ఎక్కువిస్తాం’ అనేవాళ్లు టెలిగ్రామ్‌లో పుట్టుకొస్తారు. క్లయింటు చేత యూఎస్‌డీటీలో (డాలరు విలువతో నడిచే క్రిప్టో) వేయించుకుని, పీ2పీలో, అంటే నేరుగా ఎవరో ఒక తెలియని మనిషికి అమ్మి రూపాయలు తీసుకోమంటారు. ఇందులో మీకు డబ్బు వేసేవాడెవడో మీకు తెలియదు. అది సైబర్ మోసం డబ్బు అయితే, ఎక్కడో వేరే రాష్ట్రంలో ఇచ్చిన ఫిర్యాదు మీద కడపలోని మీ ఖాతా ఆగిపోతుంది. ఎఫ్‌ఐఆర్‌ఏ రాదు, విదేశీ మారకంలో రాలేదు కాబట్టి జీఎస్టీలో ఎగుమతిగా నిలవదు. క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ వేరే. రెండు రూపాయల కోసం ఇంత నెత్తికెత్తుకోవడం తగదు.

కువైట్‌లో ఉన్న అన్న ఖాతాలో వేయించుకుని ఇంటికి పంపించుకోవడం కూడా ఇలాంటిదే. మనవాళ్లే కదా అనిపిస్తుంది. కానీ మీ పని సంపాదన కుటుంబ పోషణగా రాసి వస్తుంది, అన్న అక్కడి బ్యాంకుకు సంజాయిషీ చెప్పాల్సి వస్తుంది.

ఇప్పటికే ఖాతా ఆగిపోయి ఉంటే బ్యాంకు దగ్గర మూడు అడగండి: ఎంత మొత్తం మీద లియన్ పెట్టారు (అంటే తీయకుండా పట్టి ఉంచారు), ఏ రాష్ట్రం ఏ పోలీస్ స్టేషన్, ఫిర్యాదు అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు ఎంత. వివాదం ఉన్నంత మొత్తం మీదే లియన్ ఉంచి మిగతాది వదలమని రాతపూర్వకంగా కోరండి. ఆ స్టేషన్‌కు ఇన్వాయిస్, ఒప్పందం, క్లయింటు మెయిళ్లు, లావాదేవీ స్క్రీన్‌షాట్లు పంపి, ఒక కాపీ మీ జిల్లా సైబర్ విభాగంలో ఇచ్చి రసీదు తీసుకోండి. డబ్బు తిరిగి వేస్తే తీయిస్తామని ఫోన్ చేసేవాళ్లకు ఒక్క రూపాయి పంపవద్దు.